బోరుకు ముందు భూమి నాడి చూడాలి

చౌటుప్పల్: అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని పొలమంతా తిరుగుతారు. కాయ లేచి నిలబడిన చోట గుర్తు పెడతారు. మర్నాడు రిగ్గు వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో ఇది తెలియనిది కాదు. నీళ్లు పడితే పండుగే. దుమ్ము లేస్తే మిగిలేది అప్పు. "ఇంకో వంద అడుగులు దించితే పడతాయేమో" అన్న ఆశే ఎన్నో కుటుంబాలను కుంగదీసింది.

ఆ ఆశకు హద్దు చెప్పగల పద్ధతి ఒకటుంది. భూమి విద్యుత్తును ఎంత అడ్డగిస్తుందో కొలిచే సర్వే అది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చౌటుప్పల్‌లోని తన ప్రయోగక్షేత్రంలో రాతినేలలోని నీటి తీరును పరిశీలిస్తోంది.

సర్వే చేసే తీరు ఇది. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరుసలో భూమిలో దిగగొడతారు. చివరి రెండింటి ద్వారా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర వోల్టేజి చూస్తారు. చివరి కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు పొరల సంగతి తెలుస్తుంది. గట్టి బండ కరెంటును బాగా అడ్డగిస్తుంది. తడిసిన మొరం, నీరున్న పగుళ్ల రాయి అంతగా అడ్డగించవు. ఆ తేడానుబట్టి మొరం ఎంత మందం, బండ ఎక్కడ మొదలు అన్నది లెక్క కడతారు.

ఈ రెండు జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు నేలే. నీరు బండలో ఉండదు. పైనున్న మొరంలో, దాని కింది పగుళ్లలో ఉంటుంది. మహబూబ్‌నగర్ వైపు పొరుగునే ఉన్న మహేశ్వరంలో జరిగిన పరిశోధనల్లో నీరిచ్చే పగుళ్లు చాలావరకు సుమారు 40 మీటర్లలోపే, అంటే 130 అడుగుల్లోపే కనిపించాయి. అంతకు దిగువన అక్కడక్కడా పగులు తగలవచ్చు గానీ, లోతు పెరిగినకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. అందుకే సర్వే వల్ల పెద్ద మేలు ఎక్కడ తవ్వాలో తెలియడమే కాదు, ఎక్కడ ఆపాలో తెలియడం కూడా.

అయితే యంత్రానికి నీరు కనిపించదు. బంకమన్ను, ఉప్పునీరు కూడా కరెంటును తేలిగ్గా పోనిస్తాయి. లోతులోని సన్నని పగులు దాని లెక్కకు అందకపోవచ్చు. ఫ్లోరైడు సంగతి అసలే చెప్పదు. నల్లగొండ జిల్లా ఆ బాధ ఎరిగినదే. తాగేందుకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు పనికిరాదు గనుక నీళ్లు పడగానే పరీక్ష చేయించాలి.

బోరు వేసేముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. సర్వే గురించి జిల్లా భూగర్భ జలశాఖ కార్యాలయంలో విచారించవచ్చు. సర్వే చూపేది నీరుండే చోటును మాత్రమే. ఆ చోట నీరు నిలవాలంటే వాన నీటిని చెరువులు, కుంటలు పట్టి ఉంచాలి. పది బోర్లు ఒకే పగులు నుంచి తోడితే ఏ సర్వే కూడా కాపాడలేదు.