ఎర్రదుమ్ము, ఉప్పునీళ్లు, రోబో చీపురు

రోబో వాక్యూమ్ డబ్బాలో వచ్చే చిన్న పుస్తకం ఏ కంపెనీదైనా ఇంచుమించు ఒకే మాట చెబుతుంది. వారానికోసారి ఫిల్టర్ దులపండి, నెలకోసారి సెన్సార్లు తుడవండి, 40 డిగ్రీలు దాటిన వేడిలో వాడకండి. ఆ పుస్తకం రాసినవాళ్ల మనసులో ఉన్న ఇల్లు వేరు. కార్పెట్ పరిచిన గదులు, మూసి ఉంచిన కిటికీలు, బట్టల నూగు తప్ప పెద్దగా దుమ్ములేని నేల. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇల్లంటే తలుపులు తెరిచే ఉంటాయి, గేటు దాటితే మట్టి ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో ఎండ తరచూ ఆ 40 డిగ్రీల హద్దు దాటుతుంది. ఈ యంత్రం ఇక్కడ నాలుగేళ్లు నడవాలంటే ఇక్కడి మట్టి, నీళ్లు, ఎండ ఏం చేస్తాయో తెలిసి ఉండాలి.

యంత్రం చరిత్ర కొంచెం చెప్పుకుందాం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ గాలితో పాటు దుమ్మును లోపలికి లాగే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని గుర్రపు బండి మీద తెచ్చి వీధిలో నిలబెట్టి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్లలోకి వేసేవారు. సరిగ్గా వందేళ్లకు, 2001లో, స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్ అనే రోబోను అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది అమెరికాలో ఐరోబోట్ కంపెనీ రూంబాను తెచ్చింది. అంతకుముందు ఆ కంపెనీ సైనికుల కోసం రోబోలు చేసేది. యుద్ధరంగంలో తిరిగే యంత్రాలు చేసినవాళ్లే సోఫా కింద తిరిగేదాన్నీ చేశారన్నమాట.

ఇక మట్టి దగ్గరికి వద్దాం. దక్షిణ తెలంగాణ మెట్ట నేలంతా చాలావరకు గ్రానైట్, నైస్ రాళ్ల మీద కూర్చుంది. ఆ రాళ్లు లక్షల ఏళ్లుగా చిట్లి, అరిగి అయిన మట్టే రైతులు చల్క, దుబ్బ అని పిలిచే నేల. ఎరుపు ఇనుము ఆక్సైడ్‌ది. గరుకు క్వార్ట్జ్‌ది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది, మామూలు కిటికీ గాజు అయిదున్నర దగ్గర. రోబో కళ్ల మీద ఉండే ప్లాస్టిక్ పలకలు గాజుకన్నా ఎంతో మెత్తన. చల్క దుమ్ము పట్టిన సెన్సార్‌ను పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే శుభ్రం చేసినట్టు కాదు, గీతలు గీసినట్టు. ముందు మెత్తటి బ్రష్‌తోనో గాలి ఊదే రబ్బరు బుడగతోనో ఇసుకను ఎగరగొట్టాలి. ఆ తర్వాతే కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా తుడవాలి.

అన్నిటికన్నా ముందు స్విచ్ ఆపాలి. చార్జింగ్ డాక్ మీద కూర్చోబెట్టి బ్రష్ లాగే అలవాటు చాలామందికి ఉంది. ఫోన్‌లో పెట్టిన టైము వచ్చిందంటే వేళ్లు లోపల ఉండగానే అది తిరగడం మొదలుపెట్టవచ్చు. డాక్ మీద నుంచి తీసి, పవర్ బటన్ నొక్కి, మెత్తటి గుడ్డ పరిచి బోర్లా పెట్టాలి.

బోర్లా తిప్పితే ఆ ఇంటి సంగతులన్నీ బయటపడతాయి. పెద్ద బ్రష్‌ను పట్టి ఉంచే కవరు తీయగానే పొడవాటి వెంట్రుకలు కనిపిస్తాయి, వాటిలో మల్లెదండ దారం పురి తిరిగి ఉంటుంది, సంక్రాంతి పోయిన నెలలో అయితే గాలిపటం మాంజా ముక్క కూడా. బ్రష్ మీద కనిపించే చుట్టలతో పెద్ద ప్రమాదం లేదు. రెండు చివర్లలో ఉండే మూతలు తీసి చూడాలి. అక్కడ బేరింగ్ చుట్టూ వెంట్రుకలు బిళ్లలా బిగుసుకుపోతాయి, తిరిగేకొద్దీ రాపిడికి వేడెక్కుతాయి, కొన్నిసార్లు ప్లాస్టిక్ ఇరుసు కరిగి వంకరపోతుంది. వాటిని చాకుతో కాకుండా మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరతో, ఇరుసు పొడవునా కత్తిరించి లాగాలి. ముందు చక్రాన్నీ అలాగే పెరికి, గుంతలోని ఉండను తీయాలి. ఆ ఒక్క చక్రం బిగిస్తే రోబో వంకరగా నడుస్తుంది. ఇల్లుగలవాళ్లు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు.

రోబో ప్రకటనల్లో రెండు గొప్పలు వినిపిస్తాయి: హెపా ఫిల్టర్, పాస్కల్స్. హెపా ఫిల్టర్‌ను జల్లెడలా ఊహించుకుంటే దాని పని అర్థం కాదు. పోగుల మధ్య ఖాళీలు చాలా రేణువులకన్నా పెద్దవే. బరువైన రేణువు గాలితో పాటు మలుపు తిరగలేక పోగుకు కొట్టుకుంటుంది. మరీ సన్నని రేణువు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ పోగుకు అతుక్కుంటుంది. ఈ రెంటికీ మధ్య, 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్నవే తప్పించుకోవడంలో దిట్టలు. అందుకే ఆ కొలత దగ్గర 99.97 శాతం పట్టినదాన్నే అసలైన హెపా అంటారు. రోబోల్లో వచ్చేవాటిలో చాలావరకు ఆ పరీక్షకు నిలబడని ‘హెపా తరహా’ ఫిల్టర్లే. చాలావాటి పోగుల మీద విద్యుదావేశం ఉంటుంది, దుమ్మును పట్టడంలో చాలా పని దానిదే. సబ్బునీళ్లు తగిలితే ఆ ఆవేశం పోతుంది. ఫిల్టర్ చూడడానికి తెల్లగా అవుతుంది కానీ పని తగ్గిపోతుంది. కడగవచ్చని రాసి ఉంటేనే, అదీ ఉత్త నీళ్లతోనే కడగాలి. నీడలో కనీసం ఒక రోజంతా ఆరాలి, ముసురు పట్టినప్పుడు ఇంకా ఎక్కువ. తడి ఆరని ఫిల్టర్ పెట్టి నడిపితే చల్క దుమ్ము మడతల్లో బురదలా పూసుకుంటుంది. ఆపైన ఎంత దులిపినా రాలదు.

పీల్చే బలాన్ని చెప్పే పాస్కల్స్ సంగతి ఇంకా తమాషా. వాతావరణ పీడనం దాదాపు 1,01,325 పాస్కల్స్. 5,000 పాస్కల్స్ రోబో అంటే అందులో ఇరవయ్యో వంతు లాగుతుందన్నమాట. అదైనా మూతి పూర్తిగా మూసి, గాలి కదలకుండా కొలిచినప్పటి లెక్క. దుమ్మును మోసుకెళ్లేది కదిలే గాలి. ఫిల్టర్ మూసుకుపోయిన రోజు ఎన్ని పాస్కల్స్ మోటారైనా ఉత్తినే అరుస్తుంది. కొనేటప్పుడు ఆ అంకెకు డబ్బు ఎక్కువ పెట్టేకన్నా, అదే డబ్బుతో రెండు అదనపు ఫిల్టర్లు కొనిపెట్టుకోవడం మేలు. నల్లగొండ చుట్టుపక్కల పత్తి ఏరే నెలల్లో వాటి అవసరం బాగా తెలుస్తుంది. పత్తి నూగు ఫిల్టర్ ముందున్న వలను దుప్పటి కప్పినట్టు మూసేస్తుంది. తొలకరి వాన పడిన రాత్రి ట్యూబ్‌లైటు కింద రాలే ఉసిళ్ల రెక్కలదీ అదే వరస.

దుమ్ము డబ్బాను ఇంట్లో దులపకూడదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, బయట గాలివాలు చూసుకుని, తడిపిన పేపరులోకి వంపాలి.

సెన్సార్ల విషయంలో ఒక చిక్కు ఈ ప్రాంతపు ఇళ్లలో తరచూ వస్తుంది. మెట్ల మీద నుంచి పడకుండా రోబో కడుపు కింద పరారుణ కాంతి పంపే బుల్లి దీపాలు ఉంటాయి. కాంతి నేలకు తగిలి తిరిగి వస్తే నేల ఉన్నట్టు, రాకపోతే ముందు గొయ్యి ఉన్నట్టు లెక్క. నల్ల గ్రానైటు, కడప బండ ఆ కాంతిని చాలావరకు మింగేస్తాయి. తెల్లటి టైల్స్ చుట్టూ అందం కోసం వేసిన నల్ల అంచు దగ్గరికి రాగానే రోబో వెనక్కి తిరుగుతుంది, ఆ అంచు దానికి లోయ. ఎర్రదుమ్ము పొర పట్టిన సెన్సార్ మామూలు నేల మీద కూడా ఇలాగే బెదురుతుంది, అది తుడిస్తే పోతుంది. కొందరు విసిగిపోయి సెన్సార్లకు తెల్లకాగితం అతికిస్తారు. డూప్లెక్స్ ఇంట్లో అది చాలా ప్రమాదం. మూడు నాలుగు కిలోల యంత్రం మెట్ల మీద నుంచి కింద ఆడుకుంటున్న పిల్లల మీద పడవచ్చు. నల్ల అంచును యాప్‌లో హద్దుగా గీసి, ఆ చారెడు చోటు చీపురుతో ఊడ్చుకోవడమే తెలివి.

పండుగ రోజుల్లో రోబోకు సెలవు ఇవ్వాలి. బతుకమ్మ పేర్చేటప్పుడు నేలంతా గునుగు, తంగేడు రాలి ఉంటాయి. గునుగుపూల సన్నని నల్ల గింజలు బ్రష్ మూతల్లోకి దూరతాయి, తడి రేకులు గాలిదారిలో అతుక్కుని రెండు రోజులకు కంపు కొడతాయి. ముగ్గుపిండి రాతిదైనా బియ్యానిదైనా ఫిల్టర్‌కు గండమే. వీటన్నిటికన్నా భయపడాల్సింది నిప్పుకు. పూజగదిలో రాలిన అగరుబత్తి కొన, సాంబ్రాణి నిప్పుకణిక, దీపావళి నాటి కాకరపువ్వొత్తి రవ్వ ఆరినట్టే కనిపిస్తాయి. అలాంటి కణిక నూగు, వెంట్రుకలు నిండిన ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్తే, పైనుంచి ఫ్యాన్ గాలి తగిలితే, రాజుకోవడానికి ఎంతోసేపు పట్టదు. పూజగదిని యాప్‌లో శాశ్వతంగా నిషిద్ధ ప్రాంతం చేయాలి. గడప ఎత్తుగా ఉన్న ఇళ్లకు ఆ బెంగ లేదు. మామూలు రోబో రెండు సెంటీమీటర్లకు మించి ఎక్కలేదు.

ఇప్పుడు నీళ్లు. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, అది ప్రపంచమంతటా నీటి ఇంజనీర్లకు ‘నల్లగొండ టెక్నిక్’గానే తెలుసు. ఊడ్వడంతో పాటు నీళ్లతో తుడిచే రోబోకు మాత్రం ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. దాని పేచీ అదే బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలతో. తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. 400 ఉన్న నీళ్లు పావు లీటరు ట్యాంకులో పోస్తే అందులో ఉన్నది 100 మిల్లీగ్రాములు. చాలావరకు నేల మీదికి పోయి తెల్లటి చారగా మిగులుతుంది. ట్యాంకు అడుగున, వెంట్రుకంత సన్నని నీటిదారి మూతి దగ్గర ఆరిపోయే ఆఖరి చుక్క అసలు శత్రువు. అది రోజూ ఒక పొర పెడుతూ పోతుంది.

చాలా ఇళ్లలో ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడతారు. చేతి మాపుకు అది మంచి పొదుపే, రోబో ట్యాంకుకు మాత్రం పనికిరాదు. ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్లు వదిలే యంత్రమైతే నాలుగు లీటర్ల ఉప్పంతా ఆ మూడింటిలోనే చేరుతుంది. మామూలు బోరు నీటికన్నా మూడో వంతు ఎక్కువ. రోబోకు ఆర్వో మంచినీళ్లే పోయాలి, లేదా మిషన్ భగీరథ కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు. పని అవగానే ట్యాంకు ఖాళీ చేసి, మూత తెరిచి ఆరబెట్టాలి. మాపు గుడ్డను డాక్ మీద తడిగా వదలకూడదు.

పొర పట్టాక వదిలించాలంటే, పుస్తకం వద్దనకపోతే, గోరువెచ్చని లీటరు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకును విడదీసి సింకులోనే నానబెట్టి రెండుసార్లు కడగాలి. ఆ నీళ్లతో రోబోను నేల మీద నడిపితే కొత్త నష్టం. షాబాద్, తాండూరు బండలు సున్నపురాళ్లు, పాలరాయీ ఆ జాతిదే. ట్యాంకులో పొరను కరిగించే ఆమ్లమే బండ నునుపునూ కరిగిస్తుంది, ఆ మచ్చ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. ట్యాంకులో ఫినాయిల్ కూడా పోయకూడదు, దాని నూనె జిడ్డు పంపును మూస్తుంది. బాత్‌రూం యాసిడ్ ఊసే వద్దు, అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

చివరిది ఎండ, అంటే బ్యాటరీ. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మేలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల గిగా ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో రూ. 9,500 కోట్లు పెడతామని ఆ సంస్థ ప్రకటించింది. రోబో కడుపులో ఉండేదీ ఆ లిథియం కుటుంబపు బ్యాటరీయే. చాలావాటిలో 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు ఉన్న సెల్స్ నాలుగు వరుసగా కలిసి 14.4 వోల్టులు ఇస్తాయి. ఈ సెల్‌కు రెండు కలిసి రాకూడదు: నిండు చార్జింగ్, వేడి. అప్పుడు లోపలి ద్రావణం ఎలక్ట్రోడ్ మీద పొరలు పొరలుగా గడ్డకట్టి, పట్టే చార్జి తగ్గుతూ పోతుంది. రోబో పగలంతా డాక్ మీద నూటికి నూరు నిండి కూర్చునే వస్తువు. పడమటి గోడ దగ్గర, ఎండ పడే కిటికీ కింద డాక్ పెడితే మే నెల దానికి ఏడాదంత వయసు తెస్తుంది. లోపలి గదిలో, నీడన, పొయ్యికి దూరంగా పెట్టాలి, ఊడ్చే టైము తెల్లవారుజామున పెట్టుకోవాలి. రెండు నెలలు ఊరెళ్తుంటే చార్జింగ్ సగానికి దించి, రోబోను ఆపి, డాక్ ప్లగ్ పీకేయాలి.

ఈ సెల్స్‌కు ఉక్కు తొడుగు ఉంటుంది, ఫోన్ బ్యాటరీలా ఉబ్బి ముందే చెప్పవు. చురుక్కుమనే వేడి, రంగుల దుకాణంలో వచ్చేలాంటి తియ్యటి వాసన, నిండుగా చూపిస్తూనే అయిదు నిమిషాలకు ఆగిపోవడం సెల్ చెడిపోతోందనడానికి గుర్తులు. ఆ దశలో మళ్లీ చార్జింగ్ పెట్టకుండా బయట, కాలేవేవీ లేని చోట ఉంచాలి. పొగ కనిపిస్తే దాని జోలికి పోకుండా ఇంట్లోవాళ్లను బయటికి పంపి 101కి ఫోన్ చేయాలి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ఆర్-తో మొదలయ్యే నంబరు, ఐఎస్ 16046 అన్న ముద్ర చూసుకోవాలి. పాతదాన్ని పాత ఇనుప సామాన్లవాడికి వేయకూడదు, సుత్తి దెబ్బకు అది మండుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. రెండు కొనలకూ టేపు అంటించి, విడిగా సంచిలో కట్టి, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇస్తే సరిపోతుంది.