ఒకే మందు వాసన – కొందరికే ఎందుకు పడదు?



యాసంగి పైరు పచ్చబడే రోజుల్లో బీర్కూర్ చుట్టుపక్కల ఏ గట్టున నిలబడినా పురుగుల మందు వాసన తగులుతుంది. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారినంత మేర వరి. వరి ఉన్నచోట మందు కొట్టడం తప్పదు. ఒకే గట్టున నలుగురుంటే ముగ్గురికి ఏమీ కాదు. నాలుగో మనిషికి మాత్రం దమ్ము వస్తుంది, తల తిరుగుతుంది, లేదా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ఇంట్లోవాళ్లు "నీదంతా అనుమానం" అంటారు. ఆ మనిషేమో "నా ఒంటికి ఏ మందూ పడదు" అనుకుని డాక్టరు రాసిన గోలీలు కూడా మానేస్తాడు.

ఈ రెండూ పొరపాటే. రసాయనాలు పడకపోవడం వెనుక చాలాసార్లు మరో జబ్బు దాగి ఉంటుంది. దాన్ని కనిపెడితే చికిత్సో, జాగ్రత్తో చెప్పగలము. అలాంటి ముఖ్యమైన కారణాలను ఇక్కడ వివరిస్తున్నాము.

1. ఉబ్బసం (దమ్ము)

ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి. ఫినాయిల్, పెయింటు, దోమల కాయిల్, అగరుబత్తి పొగ తగలగానే అవి ఇంకా ముడుచుకుంటాయి. పొద్దున దగ్గు, రాత్రి పిల్లికూతలు ఉండి, వాసనలు పడకపోతే ముందు ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. "పంపు అలవాటవుతుంది" అనే భయంతో ఇన్‌హేలర్ మానవద్దు. దాన్ని క్రమంగా వాడేవారికి శ్వాసనాళాల వాపు తగ్గి, వాసనల బాధ కూడా తగ్గుతుంది. బ్లీచింగ్ పౌడరును, బాత్రూం కడిగే యాసిడ్‌ను ఎన్నడూ కలపకండి. వాటినుంచి వచ్చే క్లోరిన్ గ్యాసు ఆరోగ్యవంతులకూ ప్రమాదమే.

2. చర్మ వ్యాధులు

ఎగ్జిమా ఉన్నవారి చర్మం పగుళ్లిచ్చిన గోడ లాంటిది. రసాయనం సులువుగా లోపలికి దిగుతుంది. మేస్త్రీ పని చేసేవారికి సిమెంటులోని క్రోమియం, జుట్టుకు రంగు వేసుకునేవారికి ఆ రంగులోని రసాయనం, రైతులకు పొలం గట్టు మీది వయ్యారిభామ మొక్క దురదకు కారణం కావచ్చు. ఏది పడటంలేదో వీపు మీద పట్టీలు అంటించి చేసే ప్యాచ్ పరీక్షలో తెలుసుకోవచ్చు.

3. జి-6-పి-డి లోపం

ఇది పుట్టుకతో వచ్చే లోపం; మగపిల్లల్లో ఎక్కువ. ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము వీరిలో తక్కువగా ఉంటుంది. పెట్టెలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు ఉన్నాయి కదా, వాటిలో నాఫ్తలీన్ ఉంటుంది. ఆ బట్టల్లో చుట్టిన పసిబిడ్డకు ఈ లోపం ఉంటే రక్తకణాలు పగిలిపోయి పచ్చకామెర్లు రావచ్చు. మూత్రం నల్లటి టీ రంగులో వస్తుంది. ఇలాంటి బిడ్డను పసరు మందుకు తీసుకుపోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్, కుష్ఠువ్యాధికి ఇచ్చే డాప్సోన్ కూడా వీరికి హాని చేయగలవు. డిచ్‌పల్లి పేరు చెబితే మన పెద్దలకు కుష్ఠు చికిత్సే గుర్తుకు వస్తుంది. ఆ జబ్బును నయం చేసే మంచి మందే ఈ లోపం ఉన్నవారి విషయంలో జాగ్రత్తగా వాడవలసి వస్తుంది. ఈ లోపాన్ని చిన్న రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు ఫలితం తప్పుగా మామూలుగానే రావచ్చు కనుక, డాక్టరు మళ్లీ చేయించమంటే తప్పక చేయించండి.

4. కాలేయ జబ్బు, పోషకాహార లోపం, గర్భం

ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి. ఈ ఎంజైములో ఒక రకం కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంది. సారా వల్ల కాలేయం చెడినవారిలో, సరైన తిండి లేనివారిలో, గర్భిణుల్లో అది తగ్గి ఉంటుంది. కాబట్టి వారిలో విషాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గవచ్చు. మందు కొట్టి తగ్గిన ఎంజైము పూర్తిగా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నిన్న కొట్టి, మళ్లీ నేడు కొట్టేవాడికి ఆ వ్యవధి దొరకదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3 గ్రామాల పత్తి రైతుల మీద జరిగిన ఒక అధ్యయనం 2005లో ప్రచురితమైంది. మందు కలిపి డబ్బాలు నింపే స్త్రీలకు కూడా కొట్టే మగవారితో సమానంగా ప్రమాదం ఉందని, పేద రైతులకే తీవ్రమైన విషలక్షణాలు ఎక్కువని అందులో తేలింది. తీవ్రంగా బాధపడినవారు కూడా వైద్యానికి వెళ్లలేదు. మన ఇళ్లలో ఇలా జరగకూడదు.

5. కారణం దొరకనప్పుడు

మైగ్రేన్ ఉన్నవారికి అత్తరు వాసన తగిలినా తలనొప్పి మొదలవుతుంది. దిగులు, ఆందోళన కూడా వాసనల బాధను పెంచుతాయి. కొందరికి అన్ని పరీక్షలూ మామూలుగా వచ్చినా బాధ ఉంటుంది. 1996లో బెర్లిన్‌లో సమావేశమైన నిపుణులు ఈ స్థితిని కారణం తెలియని పర్యావరణ అసహనం అని పిలవాలని సూచించారు. దీన్ని నిర్ధారించే ఒకే పరీక్ష అంటూ లేదు. పరీక్షలో కనబడనంత మాత్రాన బాధ అబద్ధం కాదు.

మీరు చేయవలసినవి

• ఏ వాసన, ఏ పని, ఎంతసేపటికి బాధ మొదలైందో కాగితం మీద రాసుకుని రండి.
• మందు డబ్బా మీది చీటీని, వాడుతున్న గోలీలను వెంట తెండి.
• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, దమ్ము ఉన్నవారు మందు కలిపే పనికి దూరంగా ఉండాలి.
• గాలికి ఎదురుగా నిలబడి మందు కొట్టకండి. పని ముగియగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలను విడిగా ఉతకండి.
• మందు కొట్టాక నోట నురగ, విపరీతమైన చెమట, వాంతులు, కండరాలు అదరడం, చూపు మసకబారడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి. తడిసిన బట్టలు విప్పి ఒంటిని కడగండి, వాంతి చేయించవద్దు.

మీ ఇంట్లో ఎవరైనా "నాకు ఈ వాసన పడదు" అంటే ఈసారి నవ్వి ఊరుకోకండి, పరీక్షకు తీసుకురండి.