పెద్ద తెర ముందు జనసముద్రం

ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడల్లా స్టేడియంలో చోటు దొరకని లక్షలాది మంది నగర కూడళ్ళలో, పార్కుల్లో పెద్ద తెరల ముందు నిలబడి ఆట చూస్తారు. 2002లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో నగర కార్యాలయం ముందున్న కూడలి ఎర్రచొక్కాల అభిమానులతో నిండిపోయింది. 2006లో జర్మనీ ఈ వేడుకను పోటీలు జరిగిన 12 నగరాల్లోనూ ఏర్పాటు చేసింది. 2022లో దోహా నగరంలోని అల్ బిద్దా పార్కు ఇందుకు వేదికయింది. చూడటానికి ఇదంతా తెర, స్పీకర్లు, జనం, అంతే. కానీ ఈ మూడింటి వెనుకా మన పాఠ్యపుస్తకాల్లోని భౌతికశాస్త్రమే ఉంది.

దక్షిణ అండమాన్ పడమటి తీరాన వండూర్ అనే చిన్న ఊరుంది. మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కును చూడబోయేవారు పడవ ఎక్కేది అక్కడే. మహానగరపు హంగులేవీ లేని ఆ తీరాన అలాంటి తెర ఒకటి నిలబెట్టాలనుకుందాం. ఏమేమి లెక్కలు చూసుకోవాలి?

మొదటిది వెలుతురు. మన దేశపు ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. వండూర్ దానికి సుమారు 10 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ పొద్దు 40 నిమిషాలు ముందే వాలుతుంది. నవంబరు నెలాఖరున సాయంత్రం 5 గంటలకే సూర్యాస్తమయం. 2022 పోటీల్లో కొన్ని ఆటలు మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3.30కి మొదలయ్యాయి. ఆ వేళ సముద్రం వైపు ముఖం చేసిన తెర మీద ఏటవాలు ఎండ సూటిగా పడుతుంది. ప్రొజెక్టరుతో పని జరగదు. తెల్లని తెర ప్రొజెక్టరు కాంతితోపాటు ఎండనూ మన కంటికి తిప్పి కొడుతుంది, ఆ ఎండలో బొమ్మ వెలవెలబోతుంది. ఎల్.ఇ.డి. తెర అలా కాదు. అది నల్లని పలక. ఎండను చాలావరకు మింగేస్తుంది. దానిపై బిగించిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం డయోడ్లు సొంతంగా వెలుగుతాయి. ఇంట్లోని టీవీ ప్రకాశం చదరపు మీటరుకు కొన్ని వందల కాండెలాలైతే, ఆరుబయటి తెరకు 5,000 దాకా కావాలి. మూడు రంగుల్లో నీలం డయోడే చివరకు చేతికందింది. ప్రకాశవంతమైన నీలం డయోడ్ 1990ల ఆరంభంలో జపానులో తయారయింది. దాని సృష్టికర్తలు ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ధ్వని. గాలిలో అది సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. భూస్థిర ఉపగ్రహం మన పైన దాదాపు 36,000 కి.మీ. ఎత్తున ఉంది. రేడియో తరంగం అక్కడికి వెళ్ళి తిరిగి రావడానికి పావు సెకను చాలు. ఆ పావు సెకనులో శబ్దం నడిచేది 85 మీటర్లు. అంటే మైదానంలో స్పీకర్లకు 85 మీటర్లు వెనుక నిలబడ్డవాడికి వ్యాఖ్యాత మాట అందడానికి, ఆ సంకేతం అంతరిక్షం దాకా పోయి వచ్చినంత సేపు పడుతుందన్నమాట! వెనుకవారి కోసం మైదానం మధ్యలో మరో స్పీకర్ల స్తంభం పెడితే ఇంకో చిక్కు. ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. అందుకని మధ్య స్తంభానికి వెళ్ళే సంకేతాన్ని, ముందు స్పీకర్ల శబ్దం అక్కడికి చేరేదాకా, ఎలక్ట్రానిక్ పరికరంతో కావాలనే ఆలస్యం చేస్తారు. స్తంభం 68 మీటర్ల దూరంలో ఉంటే ఆ ఆలస్యం 0.2 సెకను.

ఈ రెండు లెక్కలూ తప్పితే ప్రేక్షకుడు విసుక్కుంటాడు. మూడోది తప్పితే ప్రాణాలు పోతాయి. అది జనసాంద్రత. విచిత్రమేమిటంటే చాలాచోట్ల ఎంతమంది వచ్చారని గొప్పగా చెప్పుకుంటారే తప్ప, చదరపు మీటరుకు ఎందరని అడగరు.

ఒక చదరపు మీటరులో ఇద్దరుంటే హాయిగా నిలబడవచ్చు, తోచినట్టు కదలవచ్చు. నలుగురైతే కదలిక కష్టం. ఆరుగురు, ఏడుగురైతే శరీరాలన్నీ ఒకదానికొకటి ఆనుకుంటాయి. అక్కడినుంచి గుంపు మనుషుల సమూహంలా కాక ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఒకచోట పడిన తోపు తరంగమై దూరం దాకా పాకుతుంది. వెనుకవాడు ఒక్క అడుగే వేస్తాడు, ఆ బరువులన్నీ కలిసి ముందు కంచె దగ్గర ఉన్నవాడి ఛాతీ మీద పడతాయి. ఇలాంటి దుర్ఘటనల్లో చాలామంది కాళ్ళకింద నలిగి చనిపోతారని అనుకుంటాం. నిజానికి ఎక్కువమంది ఊపిరి తీసుకునేందుకు ఛాతీ విప్పారే చోటు లేక, కొన్నిసార్లు నిలబడే ప్రాణం విడుస్తారు.

స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఏటా జరిగే ఉత్సవంలో, కూడలిలో కిక్కిరిసిన జనాన్ని శాస్త్రవేత్తలు పైనుంచి చిత్రీకరించారు. ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. సాంద్రత ఒక హద్దు దాటగానే వందలమంది, ఎవరూ తోయకుండానే, ఒక్కుమ్మడిగా సుడి తిరిగినట్టు ఊగసాగారు. ఒక్కో చుట్టుకు సుమారు 18 సెకన్లు. 2010లో జర్మనీలోని డూయిస్‌బర్గ్ సంగీతోత్సవంలో 21 మంది మరణించారు. ఆనాటి వీడియోల్లోనూ ఇదే తీరు ఊగిసలాట కనిపించింది. కెమెరాతో దీన్ని ముందే పసిగడితే హెచ్చరించవచ్చునని వారి ఆలోచన.

తెర ముందు జరిగిన ప్రమాదమే ఒకటుంది. 2017 జూన్ 3న ఇటలీలోని ట్యూరిన్‌లో, శాన్ కార్లో కూడలిలో యువెంటస్, రియల్ మాడ్రిడ్ జట్ల ఫైనల్ చూపిస్తున్నారు. ఆట జరుగుతున్నది కార్డిఫ్‌లో. గుంపులో దొంగలు మిరియపు ఘాటు వాయువు చిమ్మడంతో జనం బెదిరి పరుగెత్తారు. 1,500 మందికి పైగా గాయపడ్డారు. నేలంతా పరుచుకున్న పగిలిన సీసాలే చాలామందిని కోశాయి. ఆనాటి గాయాల వల్ల తర్వాత ఇద్దరు మహిళలు మరణించారు. మనకు దగ్గరగా, 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ విజయోత్సవానికి వచ్చిన వారిలో 11 మంది తొక్కిసలాటకు బలయ్యారు.

వండూర్ లెక్కకు వద్దాం. 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉన్న ఇసుకనేల అంటే 2,000 చదరపు మీటర్లు. మనిషికి అర చదరపు మీటరు చొప్పున 4,000 మందికి సరిపోతుంది. అయితే అందరూ తెర దగ్గరికే జరుగుతారు. వెనుక సగం ఖాళీగా ఉండి ముందు సగంలో చదరపు మీటరుకు నలుగురవుతారు. కనుక నేలను అడ్డకంచెలతో గదులుగా విభజించి, ఒక్కో గదికి విడిగా దారి పెట్టి, నిండగానే మూసేయాలి. సీసాలు లోపలికి రానివ్వకూడదు.

మీరెప్పుడైనా అలాంటి గుంపులో ఉండి, నాలుగు వైపులా శరీరాలు తగులుతున్నాయని గమనిస్తే, గోలు పడేదాకా ఆగకండి, అప్పుడే బయటికి నడవండి. వీలుకాకపోతే మోచేతులు మడిచి చేతులు ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి కాస్త చోటు మిగులుతుంది. తోపుకు ఎదురు తిరగవద్దు. అది వచ్చిపోయాక దొరికే సందులో ఏటవాలుగా అంచువైపు జరగండి. చెప్పు జారిపోయినా వంగవద్దు.