మరణ ధ్రువీకరణ పత్రం పరాయి దేశంలో చెల్లాలంటే

ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత, మన దేశంలో జారీ అయిన మరణ ధ్రువీకరణ పత్రాన్ని మరో దేశంలో వాడుకోవడానికి ఏ కార్యాలయాల ముద్రలు కావాలో మీరు చెప్పగలుగుతారు. ఆ ముద్రలు దేన్ని నిజమని చెబుతాయో, దేన్ని గురించి ఏమీ చెప్పవో కూడా వివరించగలుగుతారు. ఈ రెండో విషయం తెలియకపోవడం వల్లనే ఎక్కువ కుటుంబాలు నెలల తరబడి తిరగవలసి వస్తుంది.

1. అవసరం ఎక్కడ వస్తుంది?

ఒక వ్యక్తి ఇరవై ఏళ్లు విదేశంలో ఉద్యోగం చేసి, స్వగ్రామానికి తిరిగివచ్చి, ఇక్కడే మరణించాడనుకోండి. అక్కడి బ్యాంకులో కొంత సొమ్ము, ఒక బీమా పాలసీ, బహుశా పింఛను మిగిలి ఉంటాయి. వాటిని అడగవలసింది భార్య. అడగాలంటే భర్త మరణించినట్లు రుజువు చూపాలి. విదేశంలో స్థిరపడిన వారు జీవిత భాగస్వామిని కోల్పోయి అక్కడ మళ్లీ వివాహం చేసుకోదలచినా, తల్లిదండ్రుల పేరున అక్కడ ఉన్న ఆస్తిని పిల్లలు తమ పేరుకు మార్చుకోవాలన్నా ఇదే పత్రం అడుగుతారు.

ఇప్పుడు ఆ పత్రాన్ని అందుకున్న టొరంటో గుమాస్తా స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. మీ చేతిలో ఉన్నది జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామ పంచాయతీ కార్యదర్శి సంతకం చేసిన కాగితం. మనిషి చనిపోయాడా లేదా అన్నది మీ సందేహం కాదు. పంచాయతీ కార్యదర్శి అనే ఉద్యోగి ఉంటాడా, అతనికి ఈ పత్రం ఇచ్చే అధికారం ఉందా, ఈ సంతకం అతనిదేనా అన్నవి మీ సందేహాలు. ఈ మూడింటికి జవాబు చెప్పే పద్ధతినే మనం ధ్రువీకరణ అంటున్నాం.

2. సంతకానికి సంతకమే సాక్షి

టొరంటో గుమాస్తాకు మన పంచాయతీ కార్యదర్శి తెలియడు. కానీ ఆ కార్యదర్శి సంతకం మన రాష్ట్ర ప్రభుత్వానికి తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం కేంద్ర విదేశాంగ శాఖకు తెలుసు. విదేశాంగ శాఖ అధికారి సంతకం ఢిల్లీలో ఉన్న పరాయి దేశపు ఎంబసీకి తెలుసు. ఎంబసీ సంతకం ఆ దేశ ప్రభుత్వానికి తెలుసు. ప్రతి కార్యాలయం దగ్గరా తన కింది కార్యాలయపు నమూనా సంతకాలు, ముద్రలు ఉంటాయి. వాటితో పోల్చి చూసి, సరిపోతే తన ముద్ర వేస్తుంది. ఇలా మెట్టు మెట్టుగా సాగే పాత పద్ధతికి లీగలైజేషన్ అని పేరు.

ఈ వరుసలో ఏ ఒక్కరూ పత్రంలోని విషయాన్ని పరిశీలించరని గమనించండి. పేరు తప్పుగా ఉన్నా, తేదీ తప్పుగా ఉన్నా, సంతకం అసలైనదైతే ముద్ర పడుతుంది. తప్పు అలాగే సముద్రాలు దాటి వెళ్లి, అక్కడి బల్ల మీద బయటపడుతుంది.

మెట్లు ఎక్కువైనకొద్దీ ఖర్చు, కాలయాపన ఎక్కువ కావడం వల్ల 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దీనిలో చేరిన దేశాలు ఎంబసీ మెట్టును తీసివేసి, పత్రం జారీ అయిన దేశంలోనే ఒక నిర్ణీత అధికారి ఇచ్చే ఒకే ధ్రువపత్రాన్ని అంగీకరిస్తాయి. దాని పేరు అపోస్టిల్. ఇది ఫ్రెంచి మాట. కాగితం అంచున రాసే వ్యాఖ్య అని దాని మూలార్థం. భారతదేశం విషయంలో ఈ ఒప్పందం 2005 జూలై 14 నుంచి అమలులో ఉంది. మన దేశంలో అపోస్టిల్ ఇచ్చే అధికారం విదేశాంగ మంత్రిత్వ శాఖది.

అపోస్టిల్ నమూనాను కూడా ఒప్పందమే నిర్ణయించింది. కనీసం 9 సెంటీమీటర్ల భుజం గల చతురస్రంలో పది అంశాలు ఉంటాయి. దేశం పేరు, పత్రంపై సంతకం చేసినవారు, వారి హోదా, పత్రంపై ఉన్న ముద్ర ఎవరిది అన్నవి మొదటి నాలుగు. ధ్రువీకరించిన ఊరు, తేదీ, అధికారి, వరుస సంఖ్య, ముద్ర, సంతకం మిగిలిన ఆరు. చనిపోయిన వ్యక్తి పేరుకు ఈ పదింటిలో చోటే లేదు. అపోస్టిల్ దేనికి సాక్ష్యమో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మరణ తేదీ తప్పుగా పడిన పత్రానికి అపోస్టిల్ వచ్చింది. ఆ అపోస్టిల్ నకిలీదని చెప్పవచ్చా? మీ జవాబును మూడు వాక్యాల్లో రాయండి.

3. ఏ దేశానికి ఏ దారి?

పత్రం వెళ్లవలసిన దేశం ఒప్పందంలో ఉందో లేదో ముందుగా తెలుసుకోవాలి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్ ఉన్నాయి. గల్ఫ్ దేశాలన్నీ ఒకటే అనుకోవడం తెలంగాణ జిల్లాల్లో తరచుగా జరిగే పొరపాటు. ఒమన్‌లో 2012 నుంచి, బహ్రెయిన్‌లో 2013 చివరి నుంచి, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7 నుంచి ఒప్పందం అమలులో ఉంది. దుబాయ్, అబుధాబి ఉన్న యుఎఇ, కువైట్, ఖతార్ దేశాలకు మాత్రం పాత దారే. అంటే మన విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు దౌత్య కార్యాలయం ముద్ర, అక్కడికి చేరాక వారి విదేశాంగ శాఖ ముద్ర కావాలి. కెనడాలో ఒప్పందం 2024 జనవరి 11న అమలులోకి వచ్చింది. అంతకుముందు కెనడాకు పత్రాలు పంపిన బంధువుల అనుభవం ఇప్పుడు మీకు పనికిరాదు.

ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య కూడా ఒక మినహాయింపు ఉంది. కొత్తగా చేరిన దేశంపై పాత సభ్యదేశం అభ్యంతరం చెబితే, ఆ రెండింటి మధ్య ఒప్పందం వర్తించదు. భారత్ చేరికపై జర్మనీ ఇలాగే అభ్యంతరం చెప్పింది. అందువల్ల మన పత్రానికి అపోస్టిల్ వేయించినా జర్మనీలో దానితో పని జరగదు. అక్కడి కార్యాలయం కోరినప్పుడు జర్మన్ దౌత్య కార్యాలయం తన పద్ధతిలో పత్రాన్ని విచారింపజేస్తుంది.

4. మన దగ్గర పని ఎలా సాగుతుంది?

మొదటి మెట్టు నమోదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఆ తర్వాత 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రారు అనుమతి కావాలి. ఏడాది దాటితే, 2023 సవరణ తర్వాత జిల్లా మెజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం.

నమోదు జరిగేది మరణం సంభవించిన చోట. మరణించిన వ్యక్తి సొంత ఊరిలో కాదు. సిద్దిపేట మనిషి హైదరాబాదు ఆసుపత్రిలో మరణిస్తే పత్రం ఇచ్చేది హైదరాబాదు నగర పాలక సంస్థ. చిత్తూరు మనిషి చికిత్సకు వెల్లూరు వెళ్లి అక్కడ మరణిస్తే పత్రం తమిళనాడుది. అలాంటప్పుడు రాష్ట్ర స్థాయి ముద్ర కూడా తమిళనాడు ప్రభుత్వమే వేయాలి. వెల్లూరు రిజిస్ట్రారు నమూనా సంతకం అమరావతిలో ఉండదు కదా!

రెండో మెట్టు రాష్ట్ర ప్రభుత్వం. వ్యక్తిగత పత్రాలను రాష్ట్రాన్ని బట్టి సాధారణ పరిపాలన శాఖ లేదా హోం శాఖ ధ్రువీకరిస్తుంది. ఎన్నో ఏళ్ల కిందట చేతిరాతతో ఇచ్చిన పత్రాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. సంతకం చేసిన రిజిస్ట్రారు ఎప్పుడో పదవీ విరమణ చేసి ఉంటాడు. అతని నమూనా దొరకదు. అటువంటి పత్రంతో వాదించడం కంటే, ఇప్పటి రిజిస్ట్రారు నుంచి గానీ మీసేవ ద్వారా గానీ కొత్త ప్రతి తీసుకోవడం తేలిక. కొత్త పత్రంలో తెలుగుతో పాటు ఇంగ్లీషు కూడా ఉండటం మరో సౌకర్యం. తెలుగు మాత్రమే ఉన్న పాత పత్రానికి అనువాదం చేయించి, ఆ అనువాదాన్ని విడిగా ధ్రువీకరింపజేయాలి.

మూడో మెట్టు విదేశాంగ శాఖ. 2012 నుంచి ఈ శాఖ వ్యక్తుల దగ్గర నేరుగా పత్రాలు తీసుకోవడం లేదు. తాను నియమించిన సేకరణ సంస్థల ద్వారానే తీసుకుంటుంది. 2019 నుంచి ఈ పని ఢిల్లీలోనే కాక హైదరాబాదుతో సహా పలు నగరాల్లోని శాఖా కార్యాలయాల్లో కూడా జరుగుతున్నది. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు. సేకరణ సంస్థ సేవా రుసుము దీనికి అదనం. వీధి ఏజెంట్లు అడిగే వేల రూపాయలను ఈ అంకెతో పోల్చి చూడండి. ఆ తేడా వారు మీ తరఫున తిరిగినందుకు తీసుకునే ప్రతిఫలమే గానీ ప్రభుత్వ రుసుము కాదు. ఒప్పందం ప్రకారం ప్రతి అపోస్టిల్ సంఖ్యనూ జారీ చేసిన అధికారి రిజిస్టరులో నమోదు చేయాలి. ఎవరు అడిగినా సరిచూసి చెప్పాలి. కాబట్టి ఏజెంటు తెచ్చిన స్టిక్కరు అసలైనదో కాదో తెలుసుకునే మార్గం ఉంది.

ఒక చిన్న జాగ్రత్త. పత్రం పాడవుతుందని లామినేషన్ చేయించవద్దు. స్టిక్కరు, ముద్రలు దాని వెనకవైపే పడతాయి. బ్యాంకు, బీమా సంస్థ, పింఛను కార్యాలయం వేర్వేరుగా అసలు పత్రం అడిగే అవకాశం ఉన్నందున మొదటే మూడు నాలుగు ప్రతులు తీసుకుని అన్నింటికీ ముద్రలు వేయించడం మంచిది. అపోస్టిల్‌కు ఒప్పందంలో గడువు లేదు. అయితే ఇటీవల జారీ అయిన పత్రమే కావాలని అడిగే హక్కు అక్కడి కార్యాలయానికి ఉంటుంది.

5. ఇంటిపేరు చిక్కు

ముద్రలు విషయాన్ని పరిశీలించవని చెప్పుకున్నాం. కాబట్టి ఆ పని మీరే, మొదటి మెట్టుకు ముందే చేయాలి. తెలుగువారి విషయంలో పరిశీలించవలసింది ముఖ్యంగా పేరు.

మనం ఇంటిపేరును ముందు, తరచుగా ఒక్క అక్షరంగా రాస్తాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు వేర్వేరు గడుల్లో పూర్తిగా ఉంటాయి. మరణ పత్రంలో ‘జి. సత్యనారాయణ’ అని, పాస్‌పోర్టులో ‘సత్యనారాయణ గుండ్ల’ అని, విదేశీ బ్యాంకు ఖాతాలో ‘నారాయణ గుండ్ల సత్య’ అని ఉంటే మనకు ఒకే మనిషి కనిపిస్తాడు. అక్కడి గుమాస్తాకు ముగ్గురు కనిపిస్తారు. ఇంగ్లీషు అక్షరక్రమంలో ఒక అక్షరం తేడా ఉన్నా ఇదే పరిస్థితి. స్త్రీల విషయంలో పుట్టింటి పేరు ఒక పత్రంలో, అత్తింటి పేరు మరో పత్రంలో ఉండటం సాధారణం.

దుఃఖంలో ఉన్న ఇంట్లో, ఆసుపత్రి కౌంటరు దగ్గర ఎవరో బంధువు నోటితో చెప్పిన పేరే రికార్డులోకి వెళ్తుంది. చెప్పేవారి చేతిలో పాస్‌పోర్టు ఉంటే ఈ చిక్కులో చాలా భాగం తప్పిపోతుంది. అప్పటికే తప్పు పడి ఉంటే చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారుకు దరఖాస్తు చేయాలి. నమోదు పొరపాటని రుజువైతే ఆయన అసలు రాతను చెరపకుండా, అంచున సవరణ రాసి, సంతకం, తేదీ వేస్తారు. ఇది కూడా అంచున రాసే వ్యాఖ్యే, కానీ విషయాన్ని సరిచేసేది. సవరణ తర్వాత తీసుకున్న ప్రతికే ముద్రలు వేయించాలి. ముద్రలు పడిన తర్వాత సవరణ చేయిస్తే మెట్లన్నీ మళ్లీ ఎక్కవలసిందే.

6. పత్రంలో లేనివి

విదేశీ బీమా సంస్థలు తరచుగా మరణ కారణం అడుగుతాయి. మన పత్రంలో అది ఉండదు. రిజిస్టరులో నమోదైన మరణ కారణాన్ని జారీ చేసే ప్రతుల్లో వెల్లడించకూడదని 17వ సెక్షన్ చెబుతుంది. ఇది లోపం కాదని, చట్టమే అలా ఉందని సంస్థకు రాసి చెప్పవచ్చు. కారణం కావాలంటే ఆసుపత్రి ఇచ్చే వైద్య ధ్రువపత్రం చూపాలి. 2023 సవరణ ప్రకారం ఆసుపత్రి దాని ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలి.

వారసులు ఎవరన్నది కూడా మరణ పత్రం చెప్పదు. దానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రమో, కోర్టు ఇచ్చే వారసత్వ పత్రమో కావాలి. వాటికీ విడిగా ఇవే మెట్లు.

7. మరణం విదేశంలో జరిగితే

అప్పుడు దారి తిరగబడుతుంది. గల్ఫ్‌లో కార్మికుడు మరణిస్తే అక్కడి ప్రభుత్వమే మరణ పత్రం ఇస్తుంది. భారత దౌత్య కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టును రద్దు చేసి, భౌతికకాయం తరలింపునకు నిరభ్యంతర పత్రం ఇస్తుంది. మృతదేహంతో పాటు శంషాబాదు చేరే ఈ కాగితాలను కుటుంబం భద్రపరచాలి. మరణం తమ పరిధిలో జరగలేదు కనుక గ్రామ పంచాయతీ ఇక్కడ కొత్తగా మరణ పత్రం ఇవ్వలేదు. కార్యదర్శిని బతిమాలి ఇక్కడే మరణించినట్లు రాయిస్తే, పరిహారం కోరే రోజున రెండు పత్రాలు ఒకదానినొకటి కాదంటాయి.

అభ్యాసం

మీ ఇంట్లో గానీ, తెలిసినవారి ఇంట్లో గానీ ఉన్న ఒక మరణ ధ్రువీకరణ పత్రాన్ని వారి అనుమతితో పరిశీలించండి. అందులోని పేరును ఆ వ్యక్తి పాస్‌పోర్టు లేదా ఆధార్‌లోని పేరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ పత్రాన్ని కువైట్‌కు ఒకసారి, ఆస్ట్రేలియాకు ఒకసారి పంపవలసి వస్తే ఏ ఏ కార్యాలయాలకు వెళ్లాలో, మొదటి మెట్టుకు ముందు సరిదిద్దవలసినవి ఏవో రెండు పేజీల్లో రాయండి.