అక్వేరియంలో ఉమ్మడి కాపురం: ఏ చేపకు ఏ చేప తోడు?

ముచ్చటపడి అక్వేరియం కొంటాం. దుకాణంలో కంటికి నచ్చిన చేపల్నల్లా రెండేసి చొప్పున ఏరి, ప్లాస్టిక్ సంచుల్లో పోయించుకుని ఇంటికి తెస్తాం. మొదటి రెండు రోజులూ పిల్లలు దాని ముందు నుంచి కదలరు. మూడో రోజు ఒక చేప తోక చిరిగి ఉంటుంది. వారం తిరిగేసరికి ఒకటి కనిపించదు, ఇంకొకటి వెల్లకిలా తేలుతుంది. నెలయ్యేసరికి తొట్టె ఖాళీ. "మనింటికి చేపలు అచ్చిరావు, ఎవరికైనా ఇచ్చెయ్యి" అంటారు పెద్దవాళ్ళు. ఇంటికి రావలసిన కీడు చేప మీదుగా పోయిందని సర్ది చెప్పేవాళ్ళూ ఉన్నారు.

అచ్చిరాకపోవడమూ కాదు, దిష్టి తగలడమూ కాదు. చాలా ఇళ్ళల్లో జరిగేది ఒకటే. ఒకచోట ఇమడని చేపల్ని తెచ్చి, ఇంకా సిద్ధం కాని నీళ్ళలో, అన్నిటినీ ఒక్కసారిగా వదిలెయ్యడం. పెళ్ళి సంబంధమంటే ఇల్లూ వాకిలీ, గుణగణాలూ అన్నీ వాకబు చేస్తామా? పది రకాల ప్రాణుల్ని జీవితాంతం ఒకే తొట్టెలో ఉంచేటప్పుడు మాత్రం రంగు తప్ప ఇంకేమీ చూడం! నిజానికి అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. ఈ చేప ఎంత పెరుగుతుంది? ఎలాంటి నీళ్ళు కావాలి? స్వభావం ఎలాంటిది? తొట్టెలో ఎక్కడ తిరుగుతుంది?

తొట్టె సంగతి

ఇక్కడ చెప్పబోయేది పెద్ద తొట్టె గురించి. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకోండి. లెక్కకి 250 లీటర్లు పడుతుంది. అడుగున ఇసుక, పైన నాలుగు వేళ్ళ ఖాళీ పోను 200 లీటర్ల పైచిలుకు నీళ్ళుంటాయి. మొదటిసారి పెంచేవాళ్ళకి చిన్న గాజు గిన్నె కంటే ఇదే సులువు. నీళ్ళు ఎక్కువుంటే చేపల మలినం పలచబడుతుంది. వేడీ చలీ హఠాత్తుగా మారవు. ఒక చేప తరిమితే ఇంకో చేప పారిపోవడానికి చోటుంటుంది.

ఒక్క జాగ్రత్త. నీళ్ళు, ఇసుక, గాజు కలిపి బరువు సుమారు 300 కిలోలు ఉంటుంది. కాబట్టి టీవీ బల్ల మీదా, షోకేసు అరలోనూ పెట్టకండి. గట్టి ఇనుప స్టాండు చేయించి, ఎండ నేరుగా పడని గోడ వారగా ఉంచండి. పైన మూత తప్పనిసరి. ఎగిరి కింద పడే చేపలు చాలానే ఉన్నాయి.

ఈ పిల్ల రేపు ఎంతవుతుంది?

దుకాణంలో అమ్మేవి చాలా వరకు పిల్లలే. అక్కడ రెండంగుళాలున్న వెండిరంగు "షార్క్" ముద్దుగా ఉంటుంది. సముద్రపు సొరచేపకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది పంగాసియస్ అనే జెల్ల జాతి చేప. కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో చెరువుల్లో కూరకోసం పెంచి కిలోల లెక్కన అమ్ముతారే, అదే! అది మన డ్రాయింగ్ రూమ్ తొట్టెలో ఎన్నాళ్ళు ఇముడుతుంది చెప్పండి?

ఆస్కార్ చేప అడుగు దాకా పెరుగుతుంది. చిన్న చేపల్ని మింగేస్తుంది. అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే మామూలు సక్కర్ చేప కూడా అడుగు దాటుతుంది. శుభ్రం చేసేదానికంటే అది చేసే మలినమే ఎక్కువ. దాని బదులు ఐదంగుళాల దగ్గర ఆగిపోయే బ్రిజిల్‌నోస్ రకం అడిగి తీసుకోండి. ముక్కు మీద చిన్న చిన్న కొమ్మల్లాంటివి ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక.

వాస్తు పేరుతో అమ్మే ఫ్లవర్‌హార్న్‌ని ఒంటరిగానే ఉంచాలి. పక్కన ఎవరున్నా ఊరుకోదు. అరోవానా అయితే రెండు మూడు అడుగులు పెరుగుతుంది, దానికి మన నాలుగు అడుగుల తొట్టె చాలనే చాలదు.

ఇంకో చిన్న సూత్రం గుర్తుంచుకోండి. పెద్ద చేప నోట్లో పట్టే చేప ఏదైనా దానికి తిండే. ఏంజెల్ చేప ఎంత సాధువుగా కనిపించినా, ఆరంగుళాలు పెరిగాక అంగుళంపావు నియాన్ టెట్రాల్ని ఒక్కొక్కటిగా ఫలహారం చేస్తుంది. పొద్దున్నే లెక్కపెడితే ఒకటి తక్కువుంటుంది. దొంగ ఎవరో మీకు అర్థం కాదు.

మీ నీళ్ళు ఎలాంటివి?

ఈ ప్రశ్నకి జవాబు మీ వంటింట్లోనే ఉంది. కందిపప్పు ఎంతకీ ఉడకడం లేదా? సబ్బు నురగ రావడం లేదా? నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? అయితే మీ ఇంటి నీళ్ళు కఠిన జలం. చాలా బోరు నీళ్ళు ఇలాగే ఉంటాయి. పప్పు చక్కగా ఉడికి, గిన్నె శుభ్రంగా ఉంటే మృదు జలం అన్నమాట.

మోలీ, ప్లాటీ, గప్పీ, స్వోర్డ్‌టెయిల్ చేపలకి కఠిన జలమే ఇష్టం. నియాన్ టెట్రాలాంటి అమెజాన్ ప్రాంతపు చేపలకి మృదు జలం కావాలి. నీళ్ళని చేపకి తగినట్లు మార్చడం కంటే, ఉన్న నీళ్ళకి తగిన చేపని తెచ్చుకోవడం తెలివైన పని. బోరు నీళ్ళ ఇంట్లో నియాన్లే కావాలంటే, ఆర్‌ఓ నీళ్ళు సగం కలపాలి. ఒట్టి ఆర్‌ఓ నీళ్ళే పోస్తే చేపలకి కావలసిన లవణాలు అందవు. కుళాయి నీళ్ళైతే అందులోని క్లోరిన్ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. దుకాణాల్లో అమ్మే క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే వాడండి.

వేడి కూడా చూడాలి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప. 18 నుంచి 22 డిగ్రీలు దానికి హాయి. నియాన్, ఏంజెల్, గురామి రకాలకి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. ఇద్దర్నీ ఒకచోట పెడితే ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు. పైగా గోల్డ్‌ఫిష్ చేసే మలినం ఎక్కువ. దానికి వేరు కాపురం పెట్టడమే మంచిది. హైదరాబాద్ వంటిచోట్ల డిసెంబరు, జనవరి రాత్రులకి హీటరు ఉండాలి. నడివేసవిలో తొట్టె నీళ్ళ మీద ఫ్యాను గాలి తగిలేట్లు చూడండి.

గుణం చూసి చేర్చుకోండి

ఫైటర్ మగచేపలు రెండు ఒకచోట ఉంటే ఒకే ఒరలో రెండు కత్తులే. ఒక్కటే ఉన్నా, దాని పొడుగాటి రెక్కల్ని టైగర్ బార్బ్‌లు కొరికి చీలికలు చేస్తాయి. టైగర్ బార్బ్‌లకి ఆ అలవాటు సహజం. ఎనిమిది, పది కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తరుముకుంటూ మిగతావాళ్ళ జోలికి కొంత తక్కువ వస్తాయి. రెండే ఉంచితే ఇల్లంతా గొడవే. వాటితో పాటు ఏంజెల్, గురామి, గప్పీల్లాంటి పొడుగు రెక్కల వాళ్ళని పెట్టకండి.

గుంపుగా బతికే చేపల్ని "రకానికి రెండు" అని కొనడమే మనలో చాలామంది చేసే పొరపాటు. టెట్రాలు, రస్బోరాలు, జీబ్రాలు, కోరీలు కనీసం ఆరు ఉండాలి. ఒంటరిదైతే బెదిరిపోయి మూల దాక్కుంటుంది. రంగు వెలిసిపోతుంది. పది రకాలు రెండేసి కంటే నాలుగు రకాలు గుంపులుగా ఉంటేనే చూడ్డానికీ బాగుంటుంది.

పిల్లల్ని కనే ప్లాటీ, మోలీ, గప్పీల్లో ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే మగవి వెంటపడి ఆడదాన్ని అలసిపోయేట్లు చేస్తాయి. ఇవి నెలకోసారి పిల్లల్ని పెడతాయి కాబట్టి ఆరు త్వరలోనే అరవై అవుతాయి. వద్దనుకుంటే గప్పీల్లో మగవాటినే తీసుకోండి. చిన్నగా, తోక రంగురంగులుగా ఉండేవి మగవి.

మూడంతస్తుల మేడ

తొట్టెని మూడంతస్తుల మేడ అనుకోండి. పైఅంతస్తు, మధ్య అంతస్తు, నేల. ఏ చేప ఎక్కడుంటుందో దాని నోరే చెబుతుంది. నోరు పైకి తిరిగి ఉంటే నీటి పైన తింటుంది. నేరుగా ఉంటే మధ్యలో, కిందికి ఉంటే అడుగున. కోరీలకి నోరు కిందికి, చుట్టూ బుల్లి మీసాలు. వాటితో ఇసుకలో వెతుక్కుంటాయి. కాబట్టి వాటి కోసం గరుకు కంకర కాకుండా మెత్తటి ఇసుక పరవండి. మూడు అంతస్తుల్లోనూ మనుషులుంటే తొట్టె నిండుగా కనిపిస్తుంది, ఎవరి చోటు వారిదే కాబట్టి తగువులూ తక్కువ.

రెండు జాబితాలు

బోరు నీళ్ళ ఇంటికి:
• బోస్మాని రెయిన్‌బో 8. ముందుభాగం నీలం, వెనక నారింజ. పిల్లలప్పుడు దుకాణంలో వెలవెలబోతూ ఉంటాయి, పెరిగాక చూడాలి వాటి అందం!
• ప్లాటీ 6 (మగవి 2, ఆడవి 4)
• జీబ్రా చేపలు 10. ఇది మన గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతాల చేపే. హైదరాబాద్ సీసీఎంబీలో శాస్త్రవేత్తలు పరిశోధనలకి పెంచేదీ దీన్నే.
• బ్రాంజ్ కోరీ 6, బ్రిజిల్‌నోస్ 1

మృదు జలం ఉన్న ఇంటికి:
• పెర్ల్ గురామి 4 (మగది 1, ఆడవి 3). ఒంటి నిండా ముత్యాలు చల్లినట్లుంటాయి. గొంతు ఎర్రగా ఉండేది మగది.
• నియాన్ టెట్రా 15
• హార్లెక్విన్ రస్బోరా 10
• కోరీ 6, బ్రిజిల్‌నోస్ 1

ఏంజెల్ ఉండి తీరాల్సిందే అంటారా? అయితే రెండో జాబితాలోంచి నియాన్, రస్బోరా, గురామిల్ని తీసేసి, నాలుగైదు పిల్ల ఏంజెల్స్‌ని వెయ్యండి. కోరీలూ బ్రిజిల్‌నోసూ ఉండొచ్చు. పెద్దయ్యాక రెండు జంటకట్టి గుడ్లు పెట్టే చోటికి మిగతావాటిని రానివ్వవు. అప్పుడు మిగిలినవాటికి వేరే చోటు చూడాలి.

గృహప్రవేశం నెమ్మదిగా

చేపల విసర్జనల నుంచి, తినగా మిగిలిన మేత నుంచి నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది. కంటికి కనబడదు, కానీ చేపకి విషం. ఫిల్టర్‌లో పెరిగే మేలుచేసే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెరుగుకి తోడు వేసినట్లే ఇదీ! అన్నాళ్ళూ చేపలు లేకుండా, రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపండి. బాగా నడుస్తున్న తొట్టె ఉన్నవాళ్ళెవరైనా తెలిస్తే, వాళ్ళ ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. తోడు త్వరగా పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల్ని తీసుకురండి.

అన్నీ ఒకే రోజు వద్దు. ముందు జీబ్రాలో రస్బోరాలో, రెండు వారాలాగి కోరీలు, ఆ తర్వాత మిగతావి. చోటు నాదంటూ పేచీ పెట్టే ఏంజెల్, గురామిలు చిట్టచివర. ముందే వస్తే తొట్టె అంతా తమదే అనుకుంటాయి. తెచ్చిన సంచిని పావుగంట తొట్టెలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా తొట్టె నీళ్ళు సంచిలో పోసి, చేపని మాత్రం వలతో తీసి వదలండి. దుకాణపు నీళ్ళు తొట్టెలో పడకూడదు.

రెండు నిమిషాల్లో తినేంత మేతే రోజుకి రెండుసార్లు వెయ్యండి. వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చండి. కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది, కిక్కిరిసిన తొట్టెలో చేపలు ముందుగా ఉక్కిరిబిక్కిరవుతాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి దగ్గరుంచుకోండి.

పొసగకపోతే?

ఒక చేప ఎప్పుడూ మూలే ఉంటోందా? రెక్కలు చిరిగాయా? మేత దగ్గరికి రావడం లేదా? దాన్ని ఎవరో వేధిస్తున్నారని అర్థం. రాత్రి లైటు ఆర్పాక ఓ పది నిమిషాలు గమనించండి, దొంగ దొరుకుతాడు. వేధించేదాన్ని తీసి వేరే తొట్టెలో ఉంచండి, లేదా దుకాణానికి తిరిగి ఇవ్వండి. ఊరి చెరువులో మాత్రం వదలకండి. ఇలా వదిలేసిన సక్కర్ చేపలు మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి మత్స్యకారుల వలలు పాడుచేస్తున్నాయి.

ఈసారి దుకాణానికి వెళ్ళేముందు కిరాణా చీటీ రాసుకున్నట్లే చేపల చీటీ రాసుకోండి. చేప పేరు, పెరిగే సైజు, నీళ్ళ రకం, ఎన్ని, ఏ అంతస్తు. చీటీలో లేని చేప ఎంత మెరిసినా, పిల్లలు ఎంత మారాం చేసినా, పేరు మాత్రం రాసుకుని వచ్చెయ్యండి. ఇంటికొచ్చి నాలుగు ప్రశ్నలకీ జవాబులు చూసుకున్నాక, కుదిరితే వచ్చే వారం తెచ్చుకోవచ్చు.