ఫోన్‌లో చేనేత దుకాణం

యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఊళ్లలో నేసే ఇక్కత్ చీర కట్టుకునేవారి చేతికి చేరేలోపు సాధారణంగా మాస్టర్ వీవర్, టోకు వ్యాపారి, పట్నంలోని షాపు అనే అంచెలను దాటవలసి ఉంటుంది. నూలు, రంగులు ఇచ్చి నేయించుకుని కూలి కట్టే మాస్టర్ వీవర్ మీదనే ఆధారపడిన కుటుంబానికి తాము నేసిన చీర చివరికి ఏ ధరకు పోయిందో తెలిసే అవకాశమే తక్కువ. సొంత పెట్టుబడితో ఒకటి రెండు మగ్గాలు నడుపుకునే కుటుంబాలకు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి సామాజిక మాధ్యమాలు ఈ అంచెలను కొంతమేరకు తగ్గించుకునే వీలు కల్పిస్తున్నాయి. కానీ ఈ పనికి కొత్తగా దిగినవారిలో చాలామంది ఎందరు చూశారన్న లెక్కనే అమ్మకంగా భావించి, ఆ లెక్క పెరగకపోతే నిరుత్సాహపడి మానేస్తారు. రెండు మగ్గాల ఇంట్లో నెలకు తయారయ్యే చీరలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి, ఆ కొద్దిపాటి చీరలకు నికరంగా కొనేవారు దొరికితే వారికి సరిపోతుంది.

ఆ కొనేవారు మొదట పరిచయస్తుల్లోనే ఉంటారు గనుక వాట్సాప్ బిజినెస్‌తో మొదలుపెట్టడం తెలివైన పని. 2018లో వచ్చిన ఈ ఉచిత యాప్ మామూలు వాట్సాప్‌లాగే పనిచేస్తుంది గాని, దుకాణం పేరు, చిరునామా, పనివేళలు చూపే సౌకర్యమూ, ‘కేటలాగ్’ అనే సరుకుల పట్టికా ఇందులో అదనం. కేటలాగ్‌లో ఒక్కొక్క చీర ఫొటో, ధర, వివరం పెట్టుకుంటే, అడిగిన ప్రతివారికీ అవే ఫొటోలు మళ్లీ మళ్లీ పంపే శ్రమ తప్పుతుంది. ఇంటి నంబరును వ్యాపారానికి వాడకుండా విడిగా ఒక సిమ్ తీసుకోవడం మేలు, ఎందుకంటే పెళ్లి పిలుపులూ బేరాలూ ఒకేచోట కలిసిపోతే జవాబు ఇవ్వవలసినవి అడుగున పడిపోతాయి.

కొత్త సరుకు వచ్చినప్పుడు చాలామంది గ్రూపు పెట్టి అందరినీ అందులో చేర్చేస్తారు. దానివల్ల ఒకరి నంబరు మరొకరికి కనబడటమే కాక, ఒకరు ధర ఎక్కువన్నారంటే అందరూ అదే మాట అందుకుంటారు. దీనికి బదులు ‘బ్రాడ్‌కాస్ట్ లిస్ట్’ వాడవచ్చు. ఒకే సందేశం ఒక్కో జాబితాలో గరిష్ఠంగా 256 మందికి విడివిడిగా అందే ఏర్పాటు ఇది. అయితే అమ్మేవారి నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే ఆ సందేశం చేరుతుంది కాబట్టి, చీర కొన్న ప్రతివారినీ నంబరు సేవ్ చేసుకొమ్మని ఆ పూటే అడగడం అవసరం.

పరిచయం లేనివారికి సరుకు కనబడటానికి ఇన్‌స్టాగ్రామ్ పనికొస్తుంది. ఎవరికి ఏ వీడియో చూపాలో అక్కడ ‘అల్గారిదమ్’ నిర్ణయిస్తుంది. చూసేవారు దేని దగ్గర ఎంతసేపు ఆగారు, దేన్ని ఇతరులకు పంపారు, ఏది దాచుకున్నారు అనే ఆనవాళ్లను బట్టి తర్వాత ఏమి చూపాలో తేల్చే కంప్యూటర్ పద్ధతి అది. అందువల్ల మడత పెట్టిన చీరను బల్ల మీద పరిచి తీసిన ఫొటో కంటే, చూపరిని కాసేపు ఆపగలిగే పని ఏదైనా ‘రీల్’గా, అంటే నిలువుగా తీసిన చిన్న వీడియోగా పెట్టినప్పుడు ఎక్కువ దూరం వెళ్లే అవకాశం ఉంటుంది.

ఈ విషయంలో ఇక్కత్ నేసేవారికి ఉన్న సంపద మరే వ్యాపారికీ లేదనాలి. నేసిన గుడ్డ మీద అచ్చు వేసే పద్ధతి కాదిది. నేయడానికి ముందే నూలుకు రంగులు అద్ది, ఆ రంగులు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చునేలా చేసే లెక్క. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ పోగును అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోయడం, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి చిటికి కట్టడం, అద్దకం తర్వాత ముడులు విప్పగానే తెల్లటి మచ్చలు బయటపడటం, ఇవన్నీ పల్లెలో రోజూ కనబడేవే అయినా బయటివారికి కొత్త. వేలసార్లు చేయి ఆడించవలసిన ఆసు శ్రమను తగ్గించే యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ దక్కిందనీ, ఆయన జీవితం 2019లో సినిమాగా వచ్చిందనీ తెలిసిన పాఠకులకు కూడా ఆ పని దగ్గరగా చూసే అవకాశం అరుదు. కెమెరాను ముడి విప్పే వేళ్ల మీద నిలిపి ఇరవై సెకన్లు తీస్తే చాలు, వెనక వ్యాఖ్యానం లేకపోయినా ఫరవాలేదు. సినిమా పాట పెట్టాలన్న ఉబలాటం మాత్రం మానుకోవాలి. వ్యాపార ఖాతాలకు ఆ పాటల వాడకంపై పరిమితులున్నాయి, పైగా మగ్గం చప్పుడు దానికంటే బాగుంటుంది.

చీర ఫొటో విషయంలో నియమం ఒక్కటే, వచ్చిన చీర ఫొటోలోని చీరలాగే ఉండాలి. పగటి వెలుతురులో, నేరుగా ఎండ పడని వరండాలో, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ వేయకుండా తీసిన ఫొటోలో రంగు నిజానికి దగ్గరగా వస్తుంది. కొంగు, అంచు, నడిమి భాగం, జాకెట్టు ముక్క వేర్వేరుగా చూపి, చివరగా గుడ్డను తిరగేసి వెనకవైపు కూడా చూపాలి. ఇక్కత్ డిజైన్లను అచ్చు వేసిన చవక చీరలు అదే పేరుతో అమ్ముడుపోతున్న కాలంలో ఈ ఆఖరి ఫొటోకు చాలా విలువ ఉంది. అచ్చు చీరలో సాధారణంగా వెనకవైపు రంగు వెలవెలబోతుంది. నూలుకే రంగు అద్దిన చీరలో రెండువైపులా ఒకే తీరుగా ఉండి, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదురును లోపం అనుకునే కొత్త కొనుగోలుదారులుంటారు కాబట్టి, అది చేతిపని ఆనవాలని ఫొటో కింద రాయడం మంచిది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004–05లోనే భౌగోళిక గుర్తింపు లభించింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. పట్టు నిజమైనదని తెలిపే సిల్క్ మార్క్, చేనేత అని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ చీటీలు చీరకు ఉంటే వాటినీ ఫొటోలో చూపాలి. పట్టూ నూలూ కలిపి నేసినదాన్ని ‘ప్యూర్ సిల్క్’ అని రాయడం, అడిగితే చూద్దాంలే అనుకోవడం, ఊరు పేరుకే చేటు తెచ్చే పని.

ధర దాచిపెట్టి ‘ఇన్‌బాక్స్‌లో అడగండి’ అని రాసే అలవాటు బాగా పాకింది. బేరం కుదిర్చే నేర్పుగా దాన్ని సమర్థించేవారున్నా, అడగడానికి మొహమాటపడే కొనుగోలుదారు మౌనంగా వెళ్లిపోతారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. ఆరు వేలంటే ఆరు వేలని రాసి, పోస్టేజీ అందులో కలిసిందో లేదో కూడా చెబితే అనవసరపు సంభాషణలు సగం తగ్గుతాయి. కొత్త డిజైన్‌ను కాపీ కొడతారన్న భయం మాత్రం నిరాధారం కాదు. అందుకే కొందరు మొత్తం చీరను పరిచి చూపకుండా, అమ్ముడుపోయేదాకా ఒక మూలను మాత్రమే చూపుతారు.

డబ్బు చెల్లించి పోస్టును ఎక్కువమందికి చూపించే ‘బూస్ట్’ సౌకర్యాన్ని మొదటి నెలలో ముట్టుకోనవసరం లేదు. చూసి అడిగినవారికి వెంటనే జవాబిచ్చి, చీర పంపి, అది అందిన ఫొటో తెప్పించుకునే క్రమం కుదిరిన తర్వాతే, ఇప్పటికే బాగా ఆడిన ఒక రీల్‌ను హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలకు పరిమితం చేసి కొద్ది మొత్తంతో ప్రయత్నించవచ్చు. ఫాలోయర్లను అమ్ముతామని వచ్చేవారి మాట అసలు వినకూడదు, ఆ లెక్కలో చీర కట్టుకునేవారు ఉండరు.

డబ్బు చేతులు మారే చోటే కొత్తవారు ఎక్కువగా మోసపోతారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. అందుకోవడానికి పిన్ కొట్టమన్నారంటే, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారంటే అవతలివారు దొంగలే. చెల్లించినట్టు పంపిన స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా, బ్యాంకు ఖాతాలో జమ చూసుకున్న తర్వాతే పార్సిల్ కట్టాలి. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేస్తే సొమ్మును ఆపగలిగే అవకాశం ఉంటుంది. కాపీరైట్ ఉల్లంఘన కారణంగా ఖాతా మూసేస్తామంటూ లింకు పంపేవారూ, పొరపాటున మీకు వచ్చిన ఓటీపీ చెప్పమనేవారూ ఖాతాను కాజేసే రకం. వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ రెండంచెల భద్రత పెట్టుకుంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన పరిచయాలు ఒక్కపూటలో పోయే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

అమెరికాలోని తెలుగువారి ఆర్డర్లకు మరో చిక్కు వచ్చింది. 800 డాలర్ల లోపు విలువైన పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో రద్దయింది. అందువల్ల సుంకం ఎవరు కట్టాలో ధరతోపాటే ముందుగా చెప్పకపోతే, చీర దిగిన తర్వాత మాటలు పడవలసి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా లెక్కలోకి తీసుకోవలసింది మగ్గం వేగం. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి కొనేవారు పండుగ వారంలో అడుగుతారు గాని, ఆ చీరకు ఆసు, చిటికి, అద్దకం, నేత అన్నీ వారాల ముందే మొదలై ఉండాలి. ఒక రీల్ అనుకోకుండా వేలమందికి చేరిన రోజున వచ్చే ఆర్డర్లన్నిటికీ సరేననకుండా, చేతిలో ఉన్న చీరలను మాత్రం అమ్మి, మిగతావారి పేర్లు వరసగా రాసుకుని, ఎప్పటికి ఇవ్వగలరో నెలతో సహా చెప్పి, సగం సొమ్ము బయానాగా తీసుకునే కుటుంబాలు తమ మగ్గానికి తగిన పద్ధతిలో వ్యాపారం చేస్తున్నట్టు.