ఇథనాల్ మిశ్రిత పెట్రోలు – ఆక్టేన్ సంఖ్య: గోనెగండ్ల ప్రాంత ద్విచక్ర వాహనదారుల సందేహాలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఇథనాల్ కలపడం వల్ల పెట్రోలు ఆక్టేన్ తగ్గి ఇంజన్ చెడిపోతుందన్న అభిప్రాయం ద్విచక్ర వాహనదారులలో బలంగా ఉంది. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరుగుతుందనీ, తగ్గేది ఇంధనంలోని శక్తి అనీ, పాత కార్బ్యురేటర్ బండ్లకు అసలు చిక్కు గాలి–ఇంధన నిష్పత్తిలోను, రబ్బరు భాగాలలోను, నీటి చేరికలోను ఉన్నదనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఇథనాల్, ఇ20, ఆక్టేన్ సంఖ్య, నాకింగ్, కార్బ్యురేటర్, గోనెగండ్ల.

1. ప్రస్తావన

గోనెగండ్ల కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో, ఎమ్మిగనూరుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. హంద్రీ నదిపై కట్టిన గాజులదిన్నె జలాశయం ఈ మండలంలోనిదే అయినా, ఇక్కడి సేద్యంలో చాలా భాగం ఇప్పటికీ వానను నమ్ముకున్నదే. ఆదోని మార్కెట్టులో పత్తి ధర విచారించాలన్నా, ఎమ్మిగనూరులో విత్తనాలు, పురుగుమందులు తెచ్చుకోవాలన్నా, జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి చేర్చాలన్నా పల్లెవాసికి దిక్కు మోటారుసైకిలే. ఆ మోటారుసైకిలు తరచుగా పదేళ్లు దాటినది, ఒక చేయి మారి వచ్చినది, నూరు సీసీ తరగతికి చెందినది. ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక ఎరువుల బస్తా దానికి మామూలు బరువు.

ఇటువంటి బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఊపు తగ్గినా, మైలేజీ పడిపోయినా ‘పెట్రోలులో ఆక్టేన్ లేదు, అంతా స్పిరిటే’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాటను నమ్మి కొందరు ఎక్కువ ధర పెట్టి ప్రీమియం పెట్రోలు పోయిస్తున్నారు. ఈ ఖర్చు అవసరమా అన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. ఆక్టేన్ సంఖ్య దేనిని కొలుస్తుంది?

ఆక్టేన్ సంఖ్యను ఇంధనబలానికి కొలతగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. అది బలాన్ని కాదు, ఓర్పును కొలుస్తుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమం నొక్కుకుపోయి వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వతో మొదలైన మంట క్రమంగా వ్యాపించాలి. ఆ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే పుట్టే అలజడే నాకింగ్. పై గేరులో, తక్కువ వేగంలో, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ నుండి వినిపించే టకటక శబ్దం అదే. అది అదే పనిగా కొనసాగితే పిస్టన్ దెబ్బతింటుంది.

ఈ అకాలజ్వలనాన్ని తట్టుకునే శక్తికి 1926లో గ్రాహం ఎడ్గర్ ఒక కొలబద్దను ప్రతిపాదించాడు. బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100, ఏమాత్రం తట్టుకోలేని హెప్టేన్‌కు సున్న. ఒక పెట్రోలు రిసెర్చ్ ఆక్టేన్ సంఖ్య 91 అంటే, పరీక్షాయంత్రంలో అది 91 పాళ్ల ఐసో ఆక్టేన్, 9 పాళ్ల హెప్టేన్ కలిసిన మిశ్రమంతో సమానంగా ప్రవర్తించిందని అర్థం. లీటరులో ఎంత శక్తి ఉన్నదో ఈ సంఖ్య చెప్పదు.

ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య సుమారు 108. పైగా ద్రవరూపం నుండి ఆవిరిగా మారేటప్పుడు అది పెట్రోలు కన్నా చాలా ఎక్కువ వేడిని గ్రహించి, సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. ఈ రెండు గుణాలూ నాకింగ్‌ను అణచేవే. మన దేశంలో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలతో మామూలు పెట్రోలు ఆక్టేన్ 88 నుండి 91కి పెరగగా, 20 శాతం ఇథనాల్ కలిపిన తరువాత అది 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. కనుక ఇ20 పెట్రోలులో ఆక్టేన్ లేదన్న మాట నిజానికి నేరుగా వ్యతిరేకం.

అయితే ఈ పెరుగుదల వల్ల పాత బండికి లాభమేమీ లేదు. సంపీడన నిష్పత్తి 9, 10 మధ్య ఉండే చిన్న ఇంజన్‌కు 91 ఆక్టేన్ చాలు. అంతకు మించిన ఆక్టేన్‌ను వాడుకోవాలంటే సంపీడన నిష్పత్తి పెంచాలి, నిప్పురవ్వ పడే సమయం మార్చాలి. పాత నూరు సీసీ బండిలో ఇవి తయారీనాడే స్థిరపడినవి. అవసరానికి మించిన ఆక్టేన్ ఇప్పటికే అందుతున్నప్పుడు, దానికోసం ప్రీమియం పెట్రోలుకు అదనంగా చెల్లించడం చిల్లర పారేసుకోవడమే. ప్రీమియం అంటే ఇథనాల్ లేనిదన్న అభిప్రాయం కూడా అన్ని చోట్లా నిజం కాదు.

3. కొంత చరిత్ర

పెట్రోలులో ఆల్కహాల్ కలపడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. హైదరాబాదు సంస్థానంలో బోధన్ చక్కెర పరిశ్రమను ఆధారం చేసుకుని పవర్ ఆల్కహాల్ తయారైంది. స్వతంత్ర భారతంలో 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా మాత్రం నాకింగ్ నివారణకు ఆల్కహాల్‌ను కాదని, 1921లో థామస్ మిడ్‌గ్లీ కనుగొన్న సీసపు సమ్మేళనాన్ని చమురు పరిశ్రమ ఎంచుకుంది. ఆ విషాన్ని మన దేశపు పెట్రోలు నుండి పూర్తిగా తొలగించడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. సీసంతో పోల్చినప్పుడు ఇథనాల్ ఎంతో మేలైనదన్నది మరచిపోరాదు.

2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాలలో 5 శాతం మిశ్రమం మొదలైంది. 2022 జూన్‌లో దేశ సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఇ20 పెట్రోలు విక్రయం ప్రారంభమై, 2030 నాటికి అనుకున్న 20 శాతం లక్ష్యం 2025లోనే నెరవేరింది. ఇథనాల్ లేని పెట్రోలును కూడా ఎంచుకునే అవకాశం కల్పించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. బండ్లు మారే వేగం కన్నా ఇంధనం మారిన వేగం ఎక్కువ కావడమే నేటి ఆందోళనకు మూలం.

4. తగ్గినది శక్తి

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో ఉండేది సుమారు 21 మాత్రమే. ఈ లెక్కన ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఇ20లో దాదాపు 7 శాతం, ఇ10తో పోలిస్తే 3.5 శాతం శక్తి తక్కువ. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో వెలువరించిన మార్గసూచి కూడా పాత తరహా ద్విచక్ర వాహనాలలో 3 నుండి 4 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది.

ఇది పల్లె లెక్కలో ఎంత? లీటరుకు 60 కి.మీ. ఇచ్చే బండి 58కి దిగిందనుకుందాం. రోజుకు 50 కి.మీ. చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగేవారికి 250 లీటర్లకు బదులు సుమారు 259 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే అదనపు భారం వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ. బండి సగానికి సగం మైలేజీ పోగొట్టుకున్నదంటే కారణం ఇథనాల్ కాదు, మరొకటి వెతకాలి. కానీ ఈ వెయ్యి రూపాయలు మాత్రం నిజమైన నష్టమే. ఇథనాల్ అప్పట్లో పెట్రోలు కన్నా చౌక. ఆ చౌకదనం వినియోగదారుకు చేరుతుందన్న ఆశ ఉండేది. తరువాత మొక్కజొన్న వంటి ముడిసరుకుల ధరలు పెరిగి, 2025 జూలై చివరికి ఇథనాల్ సగటు కొనుగోలు ధర రవాణా, పన్నులతో కలిపి 71 రూపాయలు దాటింది. రైతుకు మంచి ధర దక్కడం హర్షణీయమే. కానీ మొక్కజొన్న పండించే రైతూ, పాత బండి నడిపే రైతూ ఒక్కరు కానప్పుడు లాభం ఒకరిది, ఖర్చు మరొకరిది అవుతుంది. శక్తి తగ్గిన లీటరును పాత ధరకే కొనవలసి రావడంపై వాహనదారుని ఫిర్యాదు న్యాయమైనదని నా అభిప్రాయం.

5. కార్బ్యురేటర్ బండి ఇబ్బంది

పెట్రోలు పూర్తిగా కాలడానికి దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉన్నందువల్ల దానికి 9 రెట్లు చాలు. ఇ20కి ఈ నిష్పత్తి సుమారు 13.5. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన ఇంధన ఇంజెక్షన్ బండ్లు సెన్సరు సాయంతో ఈ తేడాను చాలావరకు సర్దుకుంటాయి. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్టు రంధ్రం గుండా ఎప్పటి కొలతలోనే ఇంధనం పోతుంది. ఫలితంగా మిశ్రమంలో గాలి పాలు హెచ్చుతుంది. చలికాలపు ఉదయాన స్టార్టు కాకపోవడం, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడటం, వదలగానే సైలెన్సర్‌లో పటపట శబ్దం రావడం దీని లక్షణాలు. ఆక్టేన్ లేమిగా పొరబడుతున్నది ఎక్కువగా వీటినే.

అనుభవమున్న మెకానిక్కు స్పార్క్ ప్లగ్ ఊడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. కొన లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు. సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. నెమ్మదిగా నడిచేటప్పటి లోపాన్ని మిశ్రమపు మరను సవరించి సరిచేయవచ్చు. పూర్తి వేగంలోని లోపానికి ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేయవలసి రావచ్చు.

రబ్బరు సంగతి వేరు. ఇ20కి తట్టుకునే పదార్థాలతో బండ్లు తయారు కావడం 2023 ఏప్రిల్ నుండి మొదలైంది. అంతకు ముందరి బండ్లలో పెట్రోలు గొట్టం, ఫ్లోట్ సూది కొనన ఉండే రబ్బరు, వాషర్లు కాలక్రమంలో ఉబ్బడమో పెళుసెక్కడమో జరుగుతుంది. ఇథనాల్‌కు కడిగే గుణం ఉన్నందున ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదిలి వచ్చి ఫిల్టరును మూసివేస్తుంది కూడా. ఇవి ఖరీదైన భాగాలు కావు. కారే గొట్టాన్ని మార్చకపోవడం మాత్రం నిప్పుతో చెలగాటం.

6. నీరు చేరినప్పుడు

ఆక్టేన్ గురించి నిజంగా భయపడవలసిన సందర్భం ఒకటున్నది. ఇథనాల్‌కు నీరంటే మక్కువ ఎక్కువ. కొద్దిపాటి నీరు చేరితే దానిని తనలో కలుపుకుని ఇంజన్ గుండా దాటించేస్తుంది; ఇది మేలే. పరిమితి దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. ట్యాంకు అడుగునుండి ఇంజన్‌కు పోయేది ఆ నీటి పొరే, బండి ఆగిపోతుంది. పైన మిగిలినది ఇథనాల్‌ను, దానితోపాటు అది తెచ్చిన ఆక్టేన్‌ను కోల్పోయిన పెట్రోలు. లోపలి గోడలకు తుప్పు మొదలయ్యేదీ అప్పుడే. మూత రబ్బరు అరిగిన బండిని వానలో వదిలేయడం, పల్లె అంగళ్లలో మూత సరిగా లేని సీసాలలో నిలవ ఉంచిన పెట్రోలు పోయించడం, పనికోసం వలసపోతూ సగం ట్యాంకుతో బండిని నెలల తరబడి ఇంటి ముందు నిలిపివేయడం – ఈ ప్రాంతంలో నీరు చేరే దారులు ఇవి. చాలా రోజులు నిలిపేటప్పుడు కార్బ్యురేటర్ గిన్నెను ఖాళీ చేసి, ట్యాంకును నిండుగా ఉంచడం మంచిది. ఖాళీ జాగా తగ్గితే తేమగాలి చొరబాటూ తగ్గుతుంది.

అనుమానం కలిగితే గొట్టం తీసి కొద్దిగా పెట్రోలును పారదర్శకమైన గాజు సీసాలోకి పట్టి, నిప్పుకు దూరంగా, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తే నీరు చేరినట్టే. కొందరు సీసాలోకి తామే నీరు పోసి, అడుగున పెద్ద పొర ఏర్పడగానే కల్తీ జరిగిందని చూపుతున్నారు. నూరు మిల్లీలీటర్ల ఇ20 పెట్రోలులో 20 మిల్లీలీటర్ల నీరు పోసి కలిపితే అడుగు పొర దాదాపు 40 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. పెరిగిన ఆ 20 మిల్లీలీటర్లూ బంకువారు కలిపిన నీరు కాదు, పెట్రోలు నుండి దిగివచ్చిన ఇథనాల్.